ఒళ్లో ప్రయాణికుడి కాగితాలు: ఒక నిబంధనకు వ్యాఖ్యానం

పసిపిల్లలతో విమానం ఎక్కేవాళ్ల కోసం ఎయిర్‌లైన్స్, పాస్‌పోర్టు ఆఫీసులు, ఇమిగ్రేషన్ శాఖలు పేజీలకు పేజీలు రాసిపెట్టాయి. వాటన్నిటినీ వడగడితే మిగిలేది ఒక్క వాక్యం:

‘రెండేళ్లు నిండని శిశువు, టికెట్టులో పేరుండి, తల్లిదండ్రుల వెంట, వయసు రుజువుతో ప్రయాణించవచ్చు, దేశం దాటేటట్లయితే సొంత పాస్‌పోర్టు, తగిన వీసా ఉండాలి, తల్లిదండ్రుల్లో ఒకరే ఉన్నా, ఇద్దరూ లేకపోయినా సమ్మతి పత్రం ఉండాలి.’

వాక్యం నాది, నియమాలు వాళ్లవి. పాత వ్యాఖ్యాతల పద్ధతిలో దీన్ని పదం పదం విడదీసి చూద్దాం.

ముందుగా చిన్న అవతారిక. పెద్దవాళ్లను గుర్తింపు కార్డు అడిగేది ‘నువ్వెవరు’ అని తెలుసుకోవడానికి. చంటిబిడ్డ విషయంలో ఆ ప్రశ్న దాదాపు ఎవరికీ అక్కర్లేదు. ఎయిర్‌లైన్స్ కౌంటర్లో అడిగేది ‘ఎన్నో నెల?’ అని. ఇమిగ్రేషన్ కౌంటర్లో అడిగేది ‘ఎవరి బిడ్డ?’ అని. ఈ రెండిటికీ జవాబిచ్చే కాగితాలు వేరు. ఏది దేనికో తెలియకపోవడం వల్లే, ఫైలు నిండా కాగితాలున్నా కౌంటర్ ముందు నిలబడ్డాక కావలసింది దొరకదు.

రెండేళ్లు నిండని శిశువు

రైల్లో గానీ, మన ఆర్టీసీ బస్సులో గానీ ఐదేళ్ల లోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటే టికెట్టు ప్రసక్తే లేదు. విమానంలో హద్దు రెండేళ్లు. అది కూడా టికెట్టు అక్కర్లేదని కాదు, సీటు అక్కర్లేదని మాత్రమే. పెద్దవాళ్లు ఒకరికి ఒక ఒడి శిశువే లెక్క. కవలలతో ఒంటరిగా బయల్దేరే తల్లి రెండో బిడ్డకు ఏం ఏర్పాటో టికెట్టు కొనకముందే ఎయిర్‌లైన్స్‌తో తేల్చుకోవాలి.

వయసు లెక్క టికెట్టు కొన్న రోజుకు కాదు, ప్రయాణం చేసే రోజుకు. పోయేటప్పుడు ఇరవై మూడు నెలలుండి, తిరిగొచ్చేలోగా రెండో పుట్టినరోజు దాటితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే. బిడ్డ రెండో పుట్టినరోజు తాతగారింట్లో చేద్దామని డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్లు సరిగ్గా ఈ చోటే దెబ్బతింటారు. టికెట్టు తీసుకునేటప్పుడు పుట్టినతేదీ నిజంగా వేస్తే బుకింగ్ దానంతటదే ఈ సంగతి బయటపెడుతుంది. నాలుగు డబ్బులు మిగులుతాయని తేదీ అటూ ఇటూ చేసినవాళ్లు పాస్‌పోర్టు చూపించగానే దొరికిపోతారు.

కింది హద్దు కూడా ఉంది. పుట్టిన మొదటి కొన్ని రోజులు ఎయిర్‌లైన్స్ బిడ్డను ఎక్కించుకోవు, లేదా డాక్టరు ఉత్తరం అడుగుతాయి. ఎన్ని రోజులన్నది కంపెనీకో తీరు.

టికెట్టులో పేరుండి

అసలు చిక్కంతా ఈ మాటలో ఉంది, కాస్త ఆగుదాం.

బిడ్డ పుట్టగానే ఆస్పత్రిలో పేరుండదు. కాలికి కట్టే చీటీ మీద, డిశ్చార్జి కాగితం మీద ‘బేబీ ఆఫ్ లక్ష్మి’ అని తల్లి పేరే ఉంటుంది. మన ఇళ్లలో బారసాల పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో. కొన్ని ఇళ్లలో మూడో నెల. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టుకను నమోదు చేయించడానికి ఇచ్చిన గడువు కూడా 21 రోజులే. ఆస్పత్రిలో పుడితే ఆ సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆస్పత్రిదే కాబట్టి, ఇంట్లో వాళ్లు నక్షత్రం చూసి అక్షరం వెతుకుతుండగానే నమోదు జరిగిపోతుంది, పేరు గడి ఖాళీగా.

ఇది తప్పేమీ కాదు. చట్టం 14వ సెక్షన్ దీనికోసమే ఉంది. పేరు లేకుండా నమోదైన బిడ్డకు తర్వాత పేరు చేర్పించవచ్చు. ఏడాదిలోపైతే రుసుం లేదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో. తెలంగాణలో మీసేవ, ఆంధ్రలో సచివాలయం, ఎక్కడైనా ఆ ప్రాంతపు రిజిస్ట్రారు ద్వారా పని జరుగుతుంది. కానీ చాలామంది ఈ పని చేయరు. ‘సర్టిఫికెట్ వచ్చింది కదా’ అని బీరువాలో పెట్టేస్తారు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే రోజున తీసి చూస్తే పేరు ఉండదు. లేదా బారసాలలో బియ్యంలో రాసిన పేరొకటి, సర్టిఫికెట్లో వేయించిన పేరొకటి, టికెట్టులో అల్లుడుగారు కొట్టిన ముద్దుపేరు ఇంకొకటి అవుతుంది.

సూత్రం సులువే: ఏ కాగితం చూపించబోతున్నామో ఆ కాగితంలోని పేరే టికెట్టులో ఉండాలి. డిశ్చార్జి సమ్మరీ చూపించి దేశంలోపలే వెళ్లే బిడ్డకైతే అందులో తల్లి పేరు, పుట్టినతేదీ సరిపోతే పని గడుస్తుంది. పాస్‌పోర్టు మీద వెళ్లే బిడ్డకు అక్షరం కూడా తేడా రాకూడదు.

ఇక ఇంటిపేరు. తెలుగువాళ్ల పాస్‌పోర్టుల్లో ఇదొక పెద్ద పేచీ. తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే కొనసాగుతుంటుంది. అందులో తప్పు లేదు, మార్చుకోవాలన్న నియమమూ లేదు. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు ఒకే గడిలో వేసి ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరును ఇంటిపేరు గడిలోకి జరిపి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ, అంటే ‘మొదటి పేరు తెలియదు’, అని వేస్తారు. ఆయనకు అక్కడ బిడ్డ పుడితే తండ్రి సొంత పేరే బిడ్డకు ఇంటిపేరై కూర్చుంటుంది. ఒకే ఇంట్లో ముగ్గురి ఇంటిపేర్లూ కలవవు. మనకు వింతేమీ కాదు గానీ, పరాయి దేశపు అధికారికి అదే మొదటి అనుమానం. దానికి విరుగుడు తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న బర్త్ సర్టిఫికెట్టే. పాస్‌పోర్టు ఉన్నా సరే, అది వెంట ఉండాలి.

తల్లిదండ్రుల వెంట

మన విమానాశ్రయం గుమ్మం దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను పెద్దవాళ్ల ఫోటో గుర్తింపు, అందరి టికెట్లు చూస్తాడు. తల్లిదండ్రుల దగ్గర సరైన గుర్తింపు ఉంటే వెంట ఉన్న పిల్లలకు విడిగా గుర్తింపు పత్రం అక్కర్లేదని పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ 2017 అక్టోబరులోనే స్పష్టం చేసింది. అమెరికాలోనూ దేశంలోపలి విమానాల్లో పెద్దవాళ్లతో వెళ్లే 18 ఏళ్ల లోపువాళ్లను అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ గుర్తింపు అడగదు. భద్రతాసిబ్బంది దృష్టిలో బిడ్డకు పూచీ తల్లిదండ్రులే. గుమ్మం దాటాక అడిగేది ఎయిర్‌లైన్స్, అదీ వయసు కోసం.

వయసు రుజువుతో

మన దగ్గర చాలా కుటుంబాల్లో బిడ్డ చేసే మొదటి విమాన ప్రయాణం విదేశానికి కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో. అమ్మాయి రాజమండ్రిలోనో కడపలోనో పురుడు పోసుకుంటుంది. మూడో నెలో ఐదో నెలో చూసుకుని చీర, సారెతో బిడ్డను అత్తింటికి పంపుతారు. అల్లుడి ఉద్యోగం బెంగళూరులోనో పుణెలోనో ఉంటే ఆ పంపడం ఈ రోజుల్లో విమానంలోనే.

ఆ ప్రయాణానికి బర్త్ సర్టిఫికెట్ ఉంటే వంక పెట్టేవాళ్లు లేరు. అది ఇంకా చేతికి రాకపోతే ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు వంటివాటిని దేశీయ ఎయిర్‌లైన్స్ సాధారణంగా ఒప్పుకుంటాయి. అంగన్‌వాడీలోనో ఆస్పత్రిలోనో ఇచ్చిన టీకాల కార్డుకు ఇంత విలువ ఉందని చాలామందికి తెలియదు. అందులో పుట్టినతేదీ, తల్లి పేరు, ఎప్పుడు ఏ సూది వేశారో వరసగా స్టాంపులతో ఉంటాయి. వయసు అడిగినవాడికి ఇంతకన్నా నిఖార్సయిన జవాబు ఏముంటుంది? అయితే ఏ కాగితాన్ని ఒప్పుకుంటారన్నది ఎయిర్‌లైన్స్ ఇష్టం కాబట్టి టికెట్టు షరతుల్లో ఆ ఒక్క పేరా చదువుకోవాలి. రుజువు ఏదీ లేకపోతే బిడ్డకు సీటు టికెట్టు కొనమనవచ్చు.

పుట్టింటి కాన్పుకు ఇంకో మెలిక ఉంది. జననం నమోదయ్యేది కాపురం ఉన్న ఊళ్లో కాదు, పుట్టిన ఊళ్లో. హైదరాబాద్‌లో ఉంటున్నాం కదా అని జీహెచ్‌ఎంసీలో వెతికితే కాకినాడలో పుట్టిన బిడ్డ సర్టిఫికెట్ దొరకదు. పేరు చేర్పించడానికీ, అక్షరదోషం దిద్దించడానికీ పుట్టిన ఊరి రిజిస్ట్రారే దిక్కు. కాబట్టి అమ్మమ్మగారి ఊళ్లో ఉండగానే, పురిటి పథ్యం ముగిసేలోగా, ఆ పని చేయించుకోవడం తెలివి. 21 రోజులు దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో, ఏడాది వరకు అధికారి అనుమతితో నమోదు చేస్తారు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

ఈ సర్టిఫికెట్ విలువ ఈమధ్య బాగా పెరిగింది. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1న లేదా తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టినతేదీకి ఇదే రుజువు. 2025లో పాస్‌పోర్టు నిబంధనలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు ఒళ్లో కూర్చునే వయసున్న పిల్లలంతా ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లే. వాళ్లకు రెండో దారి లేదు.

మరి ఆధార్? ఐదేళ్లలోపు పిల్లలకు నీలం రంగు బాల ఆధార్ ఇస్తారు. వేలిముద్రలు, కనుపాప తీసుకోరు, ఫోటో ఒక్కటే. తల్లిదో తండ్రిదో ఆధార్‌తో ముడిపెడతారు. ఐదేళ్లకు, మళ్లీ పదిహేనేళ్లకు వేలిముద్రలు ఇచ్చి అప్‌డేట్ చేయించాలి. తీసుకోవడం మంచిదే. కానీ ఆధార్ గుర్తింపుకే గానీ పుట్టినతేదీకి రుజువు కాదని దాన్ని జారీచేసే యూఐడీఏఐయే చెప్పింది. కౌంటర్లో అడిగే ప్రశ్న వయసు గురించి కాబట్టి దీని మీదే భారం వేసి బయల్దేరడం నాకు నచ్చదు.

దేశం దాటేటట్లయితే సొంత పాస్‌పోర్టు

ఒకప్పుడు తల్లి పాస్‌పోర్టులోనే పిల్లల పేర్లు ఎక్కించే పద్ధతి ఉండేది. గల్ఫ్ వెళ్లొచ్చిన పాతకాలపు కుటుంబాల ట్రంకు పెట్టెల్లో అలాంటి పాస్‌పోర్టులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇప్పుడు మనిషికొక పాస్‌పోర్టు. ఐరోపా యూనియన్‌లో కూడా తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో పిల్లల పేర్లు 2012 జూన్ 26 నుంచి చెల్లకుండా పోయాయి. రెండు వారాల బిడ్డకైనా సొంత పుస్తకం ఉండాలి. పిల్లల్ని ఎత్తుకుపోవడం, అమ్మేయడం జరిగే లోకంలో ఇది అవసరమైన మార్పే.

మన దేశంలో మైనర్ పాస్‌పోర్టు గడువు ఐదేళ్లు, లేదా 18 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అది. రుసుం 1,000 రూపాయలు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్టు మీద అందులో 10 శాతం తగ్గింపు. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే ఒప్పుకోలు అనెక్సర్ డి. ఒంటరి తల్లో, రెండోవారి సమ్మతి దొరకని పరిస్థితో అయితే అనెక్సర్ సి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలు సడలించినప్పటి నుంచి ఇవి తెల్లకాగితం మీద స్వయంగా ఇచ్చే ప్రకటనలే. నోటరీ అక్కర్లేదు. దరఖాస్తులో తల్లీతండ్రీ ఇద్దరి పేర్లూ ఇచ్చి తీరాలన్న నియమం కూడా అప్పుడే పోయింది. విడిపోయిన భర్త సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగిన ఆడవాళ్లకు ఆ సడలింపు ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో పెద్దవాళ్లకు ఫోటో అక్కడే తీస్తారు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం 4.5 సెంటీమీటర్ల పొడవు, 3.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫోటో, తెల్ల నేపథ్యంతో, ఇంటి నుంచే తీసుకెళ్లాలి. ఈ ఫోటో తీయడం ఒక యజ్ఞం. బిడ్డను తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తీయడం సులువైన మార్గం. ఆసరాగా పట్టుకున్న తల్లి చేతులు ఫోటోలో పడకూడదు. అమెరికా వాళ్లు అప్పుడే పుట్టిన బిడ్డ కళ్లు పూర్తిగా తెరవకపోయినా ఒప్పుకుంటామని ఉదారంగా రాసుకున్నారు. తీరా ఆ ఫోటో ఐదేళ్లు చెల్లుతుంది. నెలరోజుల ముఖం చూసి నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఎవరు పోల్చుకోగలరు? ముఖంతో ఇక్కడ పని లేదు. పుట్టినతేదీ, తల్లిదండ్రులతో సంబంధం, నంబరు, వీటితోనే పని.

అమెరికాలో పుట్టిన బిడ్డ కథ వేరు. ఆస్పత్రి వాళ్లు పాదాల ముద్రలు వేసి అందంగా ఇచ్చే కాగితం జ్ఞాపికే, సర్టిఫికెట్ కాదు. కౌంటీ లేదా రాష్ట్ర రికార్డుల ఆఫీసు ఇచ్చే ధ్రువీకరించిన ప్రతి కావాలి. 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో సహా స్వయంగా హాజరై డీఎస్-11 ఫారం ఇవ్వాలి. ఒకరు రాలేకపోతే డీఎస్-3053 మీద నోటరీ ముందు సంతకం చేసి పంపాలి. ఈ పాస్‌పోర్టు గడువు కూడా ఐదేళ్లే. చాలా దేశాలు ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. తమది పదేళ్లకు తీసుకున్నామన్న ధీమాలో ఉండే తల్లిదండ్రులు బిడ్డది ముందే ముగుస్తుందని మరిచిపోతారు.

పక్కమాటగా: డాలస్‌లో రాత్రి పదింటికి పుట్టిన బిడ్డకు హైదరాబాద్ పంచాంగం ప్రకారం తారీఖు మరునాటిదవుతుంది. జాతకం మీ ఇష్టం, కాగితాల్లో మాత్రం పుట్టిన చోటి తేదీనే.

తగిన వీసా

అమెరికా పాస్‌పోర్టున్న బిడ్డ, అమ్మానాన్నలిద్దరూ భారతీయులే అయినా, ఇండియాకు రావాలంటే విదేశీయే. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. కాబట్టి బిడ్డకు వీసా గానీ, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు గానీ కావాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరు భారత పౌరులైనా మైనర్ బిడ్డకు ఓసీఐ అర్హత ఉంది. కార్డు రావడానికి వారాలు పడుతుంది. అందుకే తాతగారికి ఒంట్లో బాగాలేదని ఫోను వచ్చి హడావుడిగా బయల్దేరేవాళ్లు ముందు వీసా తీసుకుని, ఓసీఐ సంగతి తర్వాత చూసుకుంటారు. అది సరైన క్రమమే.

ఓసీఐ పాస్‌పోర్టు కాదు. విదేశీ పాస్‌పోర్టుతో కలిపి చూపిస్తేనే దానికి విలువ. బిడ్డ పాస్‌పోర్టు ఐదేళ్లకోసారి మారుతుంది కాబట్టి, 2021లో తెచ్చిన సడలింపు తర్వాత, 20 ఏళ్లు నిండేదాకా పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు ప్రతి, ఫోటో ఆన్‌లైన్లో ఎక్కిస్తే చాలు. కార్డు మళ్లీ తీసుకోనక్కర్లేదు.

గల్ఫ్‌లో లెక్క తిరగబడుతుంది. దుబాయ్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వం రాదు. బిడ్డ భారతీయురాలే. ముందు భారత కాన్సులేట్లో జననం నమోదు, ఆ తర్వాత భారత పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టు మీద అక్కడి నివాస వీసా. పుట్టిన 120 రోజుల్లోగా ఇదంతా కావాలి, లేకపోతే జరిమానా. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమల నుంచి వెళ్లి అక్కడ కుటుంబంతో ఉంటున్నవాళ్లకు కాన్పయ్యాక మొదటి నాలుగు నెలలూ ఈ పరుగే.

ఒకరే ఉన్నా, ఇద్దరూ లేకపోయినా సమ్మతి పత్రం

‘ఎవరి బిడ్డ?’ అనే ప్రశ్న పూర్తి బరువుతో వచ్చేది ఇక్కడ. భారత పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు అచ్చువేస్తూ వచ్చారు. అమెరికా పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లు ఉండవు. అది బిడ్డ ఎవరో చెబుతుంది, ఎవరి బిడ్డో చెప్పదు. ఆ ఖాళీని పూరించేది బర్త్ సర్టిఫికెట్. రెండోవారికి ఈ ప్రయాణం తెలుసు, ఇష్టమే అని చెప్పేది సమ్మతి పత్రం.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. విడిపోయిన దంపతుల్లో ఒకరు రెండోవారికి చెప్పకుండా బిడ్డను దేశం దాటించే కేసుల కోసం 1980లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అమెరికా, బ్రిటన్, కెనడా అందులో ఉన్నాయి. భారత్ చేరలేదు. చేరితే గృహహింస నుంచి తప్పించుకుని బిడ్డతో పుట్టింటికి వచ్చిన స్త్రీలనే తిప్పి పంపాల్సి వస్తుందన్నది మన దగ్గర గట్టిగా వినిపించిన అభ్యంతరం. అందులో న్యాయం ఉందనే అనుకుంటాను. ఎటు మొగ్గినా, ఇండియా విమానంలో ఒక్కరే బిడ్డతో కనిపిస్తే అధికారులు రెండు ప్రశ్నలు ఎక్కువ అడగడానికి ఇదొక నేపథ్యం. అమెరికా సరిహద్దు అధికారులు ఇలాంటప్పుడు నోటరీ చేయించిన ఉత్తరం దగ్గర ఉంచుకోమని గట్టిగా సలహా ఇస్తారు. కెనడా కూడా అంతే.

తెలుగు ఇళ్లకు ఇంకా దగ్గరి సందర్భం తాతయ్య, అమ్మమ్మలది. కాన్పు సాయానికి ఆరు నెలలు అమెరికా వెళ్లిన అమ్మమ్మ, కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరే వేళకు మనవరాలిని వెంటబెట్టుకుని హైదరాబాద్ వచ్చేస్తుంది. ఆమె ఇంటిపేరు వేరు, బిడ్డ ఇంటిపేరు వేరు. ఇద్దరి పాస్‌పోర్టులు రెండు దేశాలవి. ఇంగ్లిషులో ప్రశ్న వేస్తే అల్లుడి నంబరు వెతుక్కోవాలి. ఈ ప్రయాణానికి సమ్మతి పత్రం లేకుండా పంపడం తల్లిదండ్రుల నిర్లక్ష్యమే అంటాను, ‘ఏమీ కాదులే, మా ఫ్రెండు వాళ్లమ్మ అలాగే తెచ్చింది’ అనేవాళ్లు ఎందరున్నా సరే.

అందులో ఏముండాలి? బిడ్డ పూర్తి పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు. ఎవరు తీసుకెళ్తున్నారు, బిడ్డకు ఏమవుతారు, వాళ్ల పాస్‌పోర్టు నంబరు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ఊరికి. అవసరమైతే వైద్యం చేయించడానికి అనుమతి. అమ్మానాన్నలిద్దరి సంతకాలు, నోటరీ ముద్ర. రెండు ఒరిజినల్స్ చేయించి ఒకటి చేతి సంచిలో, ఒకటి బర్త్ సర్టిఫికెట్ ప్రతితో కలిపి పాస్‌పోర్టుల పక్కన పెట్టాలి. చెకిన్ సూట్‌కేసులో ఏ కాగితమూ పెట్టకూడదు. ఉత్తరంలో ఇచ్చే ఫోను నంబరు కూడా చూసి ఇవ్వాలి. శంషాబాద్‌లో దూరదేశపు విమానాల రాకపోకలు ఎక్కువగా అర్ధరాత్రీ తెల్లవారుజామునే. అమెరికాలో ఉన్న కూతురికి అది ఆఫీసు వేళ. మీటింగులో ఉన్నా ఆ నంబరు ఎత్తేలా ఉండాలి.